ఎడారిలో ఒక రాత్రి, మన సత్రం అరుగు



మళ్లీ పొడుగు పోస్టే, ఏమీ అనుకోకండి. ఇప్పుడు తీరిక లేనివాళ్లు మధ్యాహ్నం భోంచేశాక చదవండి. కానీ వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం లోపల మాత్రం చదవండి. ఆ రోజు మన ముందుకు వచ్చే మూడో తీర్మానం నేను రాసిందే. దాన్ని వద్దని చెప్పడానికే ఇప్పుడు ఈ పోస్టు.

తీర్మానం ఏమిటో కార్యవర్గంలో ఉన్నవాళ్లకి తెలుసు. మింటు వీధి పక్క సందులో ఉన్న మన సత్రం ముందరి అరుగుకి ఇనుప గేటు పెట్టించి, రాత్రి తొమ్మిదింటికి తాళం వెయ్యాలని. గేటుకి కొటేషన్ కూడా తెప్పించాం, 85,000 రూపాయలు.

అరుగు మీద ఎవరు పడుకుంటారో మనందరికీ తెలిసిందే. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి జనరల్ ఆసుపత్రికో స్టాన్లీకో రోగిని తీసుకొచ్చినవాళ్లు. రోగికి లోపల మంచం దొరుకుతుంది. తోడొచ్చినవాళ్లందరికీ చోటు దొరకదు. లాడ్జికి పెట్టే డబ్బు మందులకి కావాలి. ఫలానా సందులో తెలుగువాళ్ల సత్రం ఉందని ఎవరో చెబితే సంచీ పట్టుకుని వస్తారు. మన గదులు అద్దెకి. అరుగు ఊరికే.

మన కష్టాలూ చిన్నవేం కాదు. తెల్లారి చూస్తే ఎంగిలాకులు, టీ కప్పులు. కొళాయికున్న ఇత్తడి తల ఎవరో విప్పుకుపోయారు. సందులో మూత్రం వాసన. పొద్దున్నే గుడికి వెళ్లే ఆడవాళ్లు పక్క వీధి చుట్టి పోతున్నారు. ఒకాయనైతే నాలుగు నెలలు కదల్లేదు. ఇవన్నీ నిజాలే. తీర్మానంలో "సంఘం ఆస్తి పరిరక్షణ" అనే పెద్ద మాటా, "ఆ జనం" అనే చిన్న మాటా రెండూ నా చేతి రాతే.

ఆ కాగితం కార్యదర్శిగారి చేతిలో పెట్టి నేనూ మా ఆవిడా మావాడి దగ్గరికి అమెరికా వెళ్లాం. మావాడు ఉండేది అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్సు నగరం. చుట్టూ ఎడారి.

జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం మావాడు అన్నాడు, "నాన్నా, రేపు రాత్రి బయట పడుకుందామా? డేరా వేసుకుని."

"ఎంత తీసుకుంటార్రా రాత్రికి?"

"ఏమీ తీసుకోరు. ఊరికే."

"ఎవరి స్థలం?"

"గవర్నమెంటుది."

"అంటే పోరంబోకా?"

వాడు పగలబడి నవ్వాడు. "అంతే అనుకో నాన్నా."

తర్వాత వాడు చెప్పింది వింటే అది నిజంగా పోరంబోకే. 1862లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసి, దున్నుకుని బతుకుతామన్న వాళ్లకి 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చింది. నీళ్లున్న నేలంతా అలా పోయింది. నీళ్లు లేని ఎడారిని ఎవరూ అడగలేదు. అలా మిగిలిపోయిన నేలను చూసుకోవడానికి 1946లో ఒక శాఖ పెట్టారు, బీఎల్ఎం అంటారు. ఇక దీన్ని ఇష్టం వచ్చినట్టు పంచిపెట్టడం ఆపి, అందరి కోసం ప్రభుత్వం దగ్గరే ఉంచాలని 1976లో చట్టం చేశారు. దేశం మొత్తం మీద ఆ శాఖ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలు ఉంది. ఒక్క అరిజోనాలోనే కోటీ ఇరవై లక్షల ఎకరాలు. అంతకుముందు అది ఓధం, యావపాయ్ లాంటి ఆదివాసుల నేల అన్న సంగతీ మావాడే చెప్పాడు.

మన దగ్గర ఆ మాట ఎలా పుట్టిందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అరవంలో "పుఱం" అంటే వెలుపల. పన్ను లెక్కకి వెలుపల ఉన్న నేల పోరంబోకు. చెరువు పోరంబోకు, బాట పోరంబోకు, మేత పోరంబోకు, శ్మశాన పోరంబోకు. ఏ ఒక్కరిదీ కాదు కాబట్టి ఊరందరిదీ. అలాంటి మాటని మనం తిట్టు చేసుకున్నాం. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ని పోరంబోకు అంటాం. అందరిదైన దాని మీద మనకున్న గౌరవం ఆ తిట్టులోనే తెలిసిపోతుంది.

శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. కోడలు పులిహోర, దద్దోజనం కట్టింది. మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే దగ్గర దగ్గర నాలుగు లీటర్ల నీళ్లు కార్లో పెట్టాలని మావాడు లెక్క చూసి మరీ పెట్టాడు. అక్కడ కొళాయి లేదు, కక్కసు లేదు, కొట్టు లేదు. ఫీనిక్సు నుంచి పడమటికి పెద్ద రోడ్డు మీద గంట ప్రయాణం. టోనోపా అనే చిన్న ఊరి దగ్గర దిగి కంకర దారి పడితే శాడిల్ మౌంటెన్ అని ఒక కొండ వస్తుంది. గుర్రం జీను ఆకారంలో ఉంటుంది. దాని కింద విశాలమైన బయలు. అక్కడొక డేరా, అక్కడొక వ్యాను, మధ్యలో మనిషెత్తు దాటిన సగువారో జెముళ్లు. ఒక సగువారో మొదటి చెయ్యి చాపడానికి యాభై నుంచి డెబ్బై అయిదేళ్లు పడుతుందట. వానలు తక్కువైతే ఇంకా ఎక్కువే. మా మనవడు ఒకదాన్ని చూపించి, "తాతా, దీనికి నీకంటే ఎక్కువ వయసు" అన్నాడు.

గేటు లేదు. టికెట్టు లేదు. కాపలా లేదు. కానీ నియమాలున్నాయి. ఇరవై ఎనిమిది రోజుల్లో ఒకచోట పద్నాలుగు రోజులకి మించి ఉండకూడదు. ఆ తర్వాత కదలాలి, మామూలుగా పాతిక మైళ్ల అవతలికి. ఇంతకుముందు ఎవరో దిగిన జాగాలోనే దిగాలి, కొత్త జాగా చదును చెయ్యకూడదు. తెచ్చిన చెత్తంతా తిరిగి పట్టుకుపోవాలి. బయటికి వెళ్లాల్సి వస్తే నీటి వసతికి రెండు వందల అడుగుల దూరంలో ఆరంగుళాల గుంట తవ్వి పూడ్చాలి. నిప్పు ఆర్పి, బూడిద చేత్తో తాకి చూసి మరీ కదలాలి. ఈ ఊరికే అన్న మాట ఆ శాఖ నేలకే. పక్కనే రాష్ట్ర ట్రస్టు భూమి ఉంటుంది, చూడ్డానికి అదీ ఇలాగే ఉంటుంది, దాంట్లో దిగాలంటే రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి. ఏది ఎవరిదో మావాడు ఫోన్లో పటం చూసుకుని నడిపాడు.

నేనొక చోటు చూపించాను. ఇసక మెత్తగా, చదునుగా, గాలి తగలకుండా బాగుంది. మావాడు వద్దన్నాడు. "అది వాగు నాన్నా. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో కొండ మీద వాన పడితే చాలు, నీళ్లు వచ్చి పడతాయి." నాకు 2015 డిసెంబరు గుర్తొచ్చింది. నీళ్ల దారిలో ఇళ్లు కట్టుకుని, నీళ్లు ఇంట్లోకి వచ్చాయని ఏడ్చినవాళ్లం మనం.

చీకటి పడగానే చలి మొదలైంది. కొని తెచ్చుకున్న కట్టెలతో, ఎవరో పేర్చి వదిలిన రాళ్ల మధ్యే మంట వేసుకున్నాం. పులిహోర తిన్నాం. నేను షావుకారుపేట నుంచి మోసుకెళ్లిన మురుకుల పొట్లం విప్పాను. ఆకాశంలో అన్ని చుక్కలు నేను చిన్నప్పుడు మేడ మీద పడుకున్నప్పుడు చూశాను, మళ్లీ అక్కడే.

మాకు కొంచెం దూరంలో ఒక వ్యాను, దాని ముందు కుర్చీ వేసుకుని ఒక ముసలాయన. మావాడు పులిహోర కొంచెం తీసుకెళ్లి ఇచ్చాడు. ఆయనొచ్చి మా మంట దగ్గర కూర్చున్నాడు. మా వయసే, డెబ్బై దాటాయి. లారీ నడిపేవాడట. ఇప్పుడొచ్చే పింఛనుతో ఫీనిక్సులో అద్దె కడితే తిండికి ఉండదు, తింటే అద్దెకి ఉండదు. అందుకని చలికాలమంతా ఎడారిలో, ఎండాకాలం ఉత్తరాన కొండల్లో ఉంటాడట. ఆ వ్యానే ఇల్లు. మేం వినోదానికి వచ్చాం. ఆయనకి అదే దిక్కు. వ్యాను లోపల తలుపుకి ఒక కాగితం అంటించుకున్నాడు, దిగిన తేదీ, కదలాల్సిన తేదీ రాసి.

మావాడి చేత అడిగించాను, ఎవరు చూస్తారు ఆ తేదీలు అని. అప్పుడప్పుడు రేంజరు వస్తాడట. చాలాసార్లు ఎవరూ రారట. మరి ఎందుకు లెక్కపెట్టుకోవడం అంటే, జనం చెత్త పోసి, తిష్ఠ వేసి పాడుచేసిన చోట్లని మూసేస్తారనీ, ఇదీ మూసేస్తే తాను ఎక్కడికి పోవాలనీ అన్నాడు.

తెల్లవారుజామున గాలి లేచింది. డేరా గుడ్డ టపటపా కొట్టుకుంది. మెలకువ వచ్చి బయటికొచ్చేసరికి ఆ ముసలాయన మా వైపే వస్తున్నాడు, చేతిలో ఒక కవరు. మా మురుకుల కవరు. రాత్రి కాలి కింద పెట్టి మరిచిపోయాను. గాలికి ఎగిరి వెళ్లి ఆయన వ్యాను అవతల ముళ్లపొదలో చిక్కుకుందట. దాని మీద అరవంలో కొట్టు పేరు, మన పేట చిరునామా. ఆయనకి ఆ అక్షరాలు రావు. కానీ ఆ బయల్లో అది ఇంకెవరిదై ఉంటుంది? నా చేతిలో పెట్టి, గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్లిపోయాడు. అంతే. ఒక్క మాట అనలేదు.

నేను ఆ కవరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మన అరుగు మీద ఒక్క టీ కప్పు కనిపిస్తే వాచ్‌మన్‌ని పిలిచి ఊరి పేరు పెట్టి తిట్టినవాణ్ని నేను. "ఆ జనం" అని రాసినవాణ్ని. ఆ పొద్దున ఆ ఎడారిలో ఆ జనం నేనే.

తిరిగొచ్చే విమానంలో మన పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. ఏనుగుల వీరాస్వామయ్యగారు మన చెన్నపట్నం సుప్రీంకోర్టులో పనిచేసినాయన. 1830 మే 18న పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పైన ఆయన దిగింది సత్రాల్లో, తోపుల్లో, డేరాల్లో. ఆయన కాశీయాత్రచరిత్ర తిరగేస్తే ఏ ఊళ్లో సత్రం ఉంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయారు. వెనక వచ్చేవాడికి పనికొస్తుందని. మావాడు ఫోన్లో చూసుకున్న పటం కూడా అలాంటిదే.

స్టాన్లీ ఆసుపత్రిని మన పెద్దవాళ్లు కంజి తొట్టి ఆసుపత్రి అనేవారు కదా. 1782లో కరువొచ్చి జనం పట్నానికి వచ్చిపడితే గంజి పోయడానికి మొదలుపెట్టిన మణియకారర్ సత్రం నుంచే కాలక్రమాన ఆ ఆసుపత్రి పుట్టింది. తలదాచుకోవడానికి వచ్చినవాళ్ల కోసం పెట్టిన చోటు అది. దానికి వచ్చినవాళ్లు ఇవాళ మన అరుగు మీద పడుకుంటున్నారు.

ఇంకొకటి. ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఒక పాత రాతి స్తంభం ఉంది. రోజూ దాని పక్కనుంచి పోతూ చూడనివాళ్లే ఎక్కువ. ఫ్రెంచివాళ్లు 1758-59లో కోటని ముట్టడించి పోయాక, ఇంగ్లీషువాళ్లు కోట ముందున్న పాత నల్లపట్నాన్ని పడగొట్టి బయలు చేశారు, ఫిరంగికి అడ్డం ఉండకూడదని. ఈ గీత దాటి ఎవరూ కట్టకూడదని 1773లో ఆరు స్తంభాలు నాటారు. అవతలికి జరిగిన పట్నమే మన జార్జి టౌను. ఆ స్తంభాల్లో మిగిలింది అదొక్కటే. బయలు మీద 1892 నాటికి హైకోర్టు లేచింది. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగా ఉంచడం ఎవరికైనా కష్టమే. ఉంచాలని ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

మా నాయనమ్మ చెప్పేది, పాత సత్రాల్లో మూడు రోజులు ఊరికే ఉండొచ్చట. నాలుగో రోజు పొద్దున గుమాస్తా వచ్చి కూర్చుని, "ప్రయాణం ఎప్పుడు?" అని అడిగేవాడట. కష్టం చెబితే ఇంకో రెండు రోజులు ఉండమనేవాడు, లేకపోతే ఫలానా చోటికి వెళ్లమని దారి చెప్పేవాడు. చూశారా, ఎడారి నియమం మనకి కొత్తదేం కాదు. మన దగ్గర ఆ గుమాస్తా పోయాడు, ఆ ప్రశ్నా పోయింది.

ఊరు చేరిన మర్నాడు సత్రానికి వెళ్లి వాచ్‌మన్‌ని అడిగాను, ఆ నాలుగు నెలలాయన ఉన్నాడా అని. డిసెంబరులో వెళ్లిపోయాడట. భార్యకి కరెంటు పెట్టించడానికి వచ్చాడట. ఆమె ఎలా ఉంది అంటే తెలియదన్నాడు. ఆయన పేరేమిటి అంటే అదీ తెలియదన్నాడు. నాలుగు నెలలు మన అరుగు మీద ఉన్న మనిషి పేరు మనలో ఒక్కరికీ తెలియదు. నేను ఆయన మీద తీర్మానం రాశాను.

వెనక వైపుకి కూడా వెళ్లి చూశాను. అక్కడ రెండు మరుగుదొడ్లున్నాయి. శుభ్రం చేయించలేక ఏడేళ్ల కిందట మనమే తాళం వేశాం. తాళం వేసి, సందులో పోతున్నారని తిట్టాం.

ఎడారి సంగతి వేరు, మన సందు సంగతి వేరని మీరు అంటారు. నిజమే. అక్కడ జాగా ఎక్కువ, మనుషులు తక్కువ. ఇక్కడ నలభై అడుగుల అరుగు. గుంట తవ్వి పూడ్చుకోమని చెప్పలేం. తేదీ రాసిన కాగితం ఎవరికి వాళ్లే అంటించుకుంటారని నమ్మి ఊరుకోలేం. కాబట్టి ఇక్కడ ఒక మనిషి కావాలి, అడిగే మనిషి.

అందుకని నా మూడో తీర్మానాన్ని నేనే వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఆదివారం నేను చెప్పబోయేది ఇది. గేటుకి అనుకున్న 85,000తో వెనక మరుగుదొడ్లు బాగుచేయించి, తాళం తీద్దాం. రెండు కొళాయిలు, ఒక లైటు, మూత ఉన్న రెండు చెత్తడబ్బాలు పెడదాం. మిగిలినదాంట్లోంచి ఊడ్చే ఆమెకి రెండో పూట జీతం ఇద్దాం. అరుగు మీద ఒక నోటుబుక్కు ఉంటుంది. పేరు, ఊరు, ఏ ఆసుపత్రి, దిగిన తేదీ. పద్నాలుగు రాత్రులు ఊరికే. పదిహేనో రోజు పొద్దున మనలో ఒకరు వెళ్లి పక్కన కూర్చుని, ప్రయాణం ఎప్పుడని అడగాలి. వైద్యం అవలేదంటే ఇంకో పద్నాలుగు రాయాలి. వైద్యం ఏమీ లేకుండా తిష్ఠ వేసినవాళ్లని కదలమనాలి. పొద్దున ఆరున్నర లోపల పక్కలు చుట్టి, ఎవరి చోటు వాళ్లు ఊడ్చుకోవాలి. గుడికి వెళ్లే ఆడవాళ్లు మళ్లీ మన సందులోంచే పోవాలి. అది జరగకపోతే ఈ ఏర్పాటు ఓడినట్టే.

మూడు నెలలు చూద్దాం. కుదరకపోతే గేటు తీర్మానం మళ్లీ నేనే రాస్తాను, ఈసారి మీ అందరికంటే ముందు సంతకం పెడతాను.

ఈ మూడు నెలలూ రోజూ పొద్దున ఆరింటికి నోటుబుక్కు పట్టుకుని అక్కడ నేనుంటాను. మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి నాతో ఇంకొకరు వస్తే మేలు. వారానికి ఒక్కరోజు వచ్చినా చాలు. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి. రానివాళ్లు, గేటే కావాలన్నవాళ్లు కూడా ఆదివారం తప్పకుండా రండి, ఎదురుగా మాట్లాడుకుందాం.

మురుకుల కవరు పారెయ్యలేదు. నోటుబుక్కుకి అట్ట వేస్తాను.